యురేనస్, నెప్ట్యూన్‌ల చుట్టూ ఇంతవరకు ఒక్క నౌక కూడా ఎందుకు తిరగలేదు?

నింగిచూపు:

మిత్రులందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. సౌరకుటుంబం పాఠం నడుస్తున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నను ఇక్కడి తెలిసినవారి ముందు ఉంచుతున్నాను.

గురుగ్రహం చుట్టూ గెలీలియో నౌక ఎనిమిదేళ్ళు తిరిగింది, ఆ తరువాత 2016లో జూనో చేరింది. శని చుట్టూ కసీని పదమూడేళ్ళు తిరిగి 2017 సెప్టెంబరు 15న ఆ గ్రహ వాతావరణంలోనే కలిసిపోయింది. గురుడి ఉపగ్రహాల కోసం 2023లో జ్యూస్, 2024లో యూరోపా క్లిప్పర్ బయలుదేరాయి. యురేనస్, నెప్ట్యూన్‌ల విషయానికి వస్తే మాత్రం మనం దగ్గరగా చూసినదంతా వాయేజర్ 2 చూపించినదే. అది 1986 జనవరి 24న యురేనస్‌ను, 1989 ఆగస్టు 25న నెప్ట్యూన్‌ను దాటుకుంటూ వెళ్ళిపోయింది. ఆ తరువాత అటువైపు ఎవరూ వెళ్ళలేదు.

దూరం ఎక్కువ కాబట్టి అని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నెప్ట్యూన్ కన్నా దూరంగా ఉన్న ప్లూటోను న్యూ హొరైజన్స్ తొమ్మిదిన్నరేళ్ళలో చేరుకుంది కదా. అంత దూరం వెళ్ళగలిగినవాళ్ళం అక్కడ ఆగలేకపోవడానికి అసలు కారణం ఏమిటి? ఇంధనమా, విద్యుత్తా, డబ్బా? మన మంగళయాన్ వంటి చిన్న నౌకే అంగారకుడి కక్ష్యలో కుదురుకున్నప్పుడు ఇక్కడ అడ్డుపడుతున్నది ఏది? వీలైతే లెక్కలతో వివరించండి, తరగతిలో నల్లబల్ల మీద వేసి చూపిస్తాను.

కక్ష్య:

నింగిచూపు గారూ, మీరు ఇచ్చిన ప్లూటో ఉదాహరణలోనే జవాబు చాలావరకు ఉంది. న్యూ హొరైజన్స్ అంత త్వరగా చేరగలిగింది ఆగే పని లేదు గనుకనే. 2015 జూలై 14న అది ప్లూటోకు దాదాపు 12,500 కిలోమీటర్ల దూరంలో, సెకనుకు సుమారు 14 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయింది. ఆపాలనుకున్నా ఆపగలిగేంత ఇంధనం దానిలో లేదు, ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా.

కక్ష్యలో కుదురుకోవాలంటే నౌక వేగం, తాను ఉన్న ఎత్తులో ఆ గ్రహపు పలాయన వేగం (గ్రహ ఆకర్షణను తప్పించుకుని పోవడానికి చాలిన వేగం) కన్నా తక్కువకు దిగాలి. అలా దిగాలంటే ప్రయాణ దిశకు ఎదురుగా ఇంజన్ మండించడం తప్ప ఇంతవరకు చేసి చూసిన వేరే దారి లేదు. వాయేజర్ 2నే తీసుకుని లెక్క వేద్దాం. నెప్ట్యూన్ మేఘాలకు సుమారు 4,950 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళినప్పుడు దాని వేగం సెకనుకు 27 కిలోమీటర్లు. ఆ ఎత్తులో నెప్ట్యూన్ పలాయన వేగం 21.4 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే గ్రహానికి చిక్కాలంటేనే సెకనుకు 5.6 కిలోమీటర్ల వేగాన్ని వదిలించుకోవాలి. ఇటువంటి నౌకల్లో వాడే రసాయన ఇంజన్ల నుంచి వాయువులు సెకనుకు సుమారు 3.1 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తాయి. రాకెట్ సమీకరణంలో 5.6ను 3.1తో భాగిస్తే 1.8 వస్తుంది, e ని (సుమారు 2.718) 1.8వ ఘాతానికి హెచ్చిస్తే దాదాపు 6 వస్తుంది. ఇంజన్ మండించక ముందు, మండించిన తరువాత నౌక బరువుల నిష్పత్తి ఇదే. కాబట్టి ఆరు టన్నుల నౌక అక్కడికి చేరితే అందులో ఐదు టన్నులు ఆగడానికే కాలిపోతాయి. మిగిలిన టన్నులోనే ట్యాంకులు, ఇంజన్, యాంటెన్నా, కెమెరాలు అన్నీ సర్దుకోవాలి. పైగా ఆ ఆరు టన్నులనూ ముందు భూమి నుంచి అంత వేగంతో విసరాలి. వాయేజర్ మొత్తం బరువే 800 కిలోల చుట్టుపక్కల ఉంటుందని గుర్తుంచుకుంటే, ఆనాటి రాకెట్లకు ఇది ఎంత అసాధ్యమో తెలుస్తుంది.

నెమ్మదిగా వెళ్తే ఆగడం సులువే. సూర్యుడి చుట్టూ అతి తక్కువ శక్తితో సాగే దీర్ఘవృత్త మార్గంలో వెళ్తే యురేనస్‌కు సుమారు 16 ఏళ్ళు, నెప్ట్యూన్‌కు 30 ఏళ్ళు పడుతుంది. త్వరగా వెళ్తే ఆగలేము, ఆగగలిగేలా వెళ్తే ప్రయాణానికే ఒక ఉద్యోగ జీవితం సరిపోతుంది. ఈ రెండింటి మధ్య రాజీ కుదర్చడమే ఈ యాత్రల రూపకల్పనలో అసలు పని, మిగతా చిక్కులన్నీ దీని తరువాతే వస్తాయి. గురుడి గురుత్వాకర్షణను వాడుకుని 12, 13 ఏళ్ళలో యురేనస్‌ను చేరితే, అక్కడ తగ్గించవలసిన వేగం సెకనుకు 1 కిలోమీటరు దగ్గరకు వస్తుంది. పై సమీకరణంలోనే 5.6 బదులు 1 పెట్టి చూడండి, ఇంధనం వాటా నౌక బరువులో పావు వంతును కొంచెం మించుతుందంతే. ఇది చేయగలిగిన పని. మీ విద్యార్థులకు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపిస్తే చాలు.

మంగళయాన్ విషయం. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరినప్పుడు దాని బరువు 1,337 కిలోలు, అందులో 852 కిలోలు ఇంధనమే. 2014 సెప్టెంబరు 24న ఇంజన్ సుమారు 23 నిమిషాల పాటు మండి, సెకనుకు 1,099 మీటర్ల వేగం తగ్గించింది, దానికి దాదాపు 250 కిలోల ఇంధనం ఖర్చయింది. ఆ రోజు కన్నా నాకు బాగా గుర్తున్నది అంతకు రెండు రోజుల ముందు జరిగిన పరీక్ష. దాదాపు 300 రోజులు మూలనపడి ఉన్న ప్రధాన ఇంజన్ మళ్ళీ వెలుగుతుందో లేదో చూడటానికి సెప్టెంబరు 22న దానిని సుమారు 4 సెకన్లు మాత్రమే మండించారు. కవాటాలు తుప్పు పట్టకుండా, ఇంధనం కారిపోకుండా పది నెలలు కాపాడడమే అంత పెద్ద పరీక్ష అయినప్పుడు, యురేనస్ నౌకలో అదే పని పన్నెండేళ్ళకు పైగా చేయాలి.

కసీని మరో మంచి ఉదాహరణ. అది 1997 అక్టోబరు 15న బయలుదేరి, శుక్రుడిని రెండుసార్లు, భూమిని, గురుడిని ఒక్కొక్కసారి దాటుకుంటూ వేగం పుంజుకుని, 2004 జూలై 1న శనిని చేరింది. ఇంజన్ 96 నిమిషాలు మండి తగ్గించిన వేగం సెకనుకు 626 మీటర్లు. అయిదున్నర టన్నులకు పైబడిన ఆ నౌకలో సగానికి మించి ఇంధనమే. ఆ తరువాతి పదమూడేళ్ళలో కక్ష్యను ఇష్టం వచ్చినట్లు మార్చుకోవడానికి దానికి టైటన్ తోడ్పడింది. 5,150 కిలోమీటర్ల వ్యాసం ఉన్న ఆ ఉపగ్రహం పక్కనుంచి 127 సార్లు వెళ్ళి, దాని ఆకర్షణతోనే మలుపులు తిరిగింది. యురేనస్ దగ్గర అంతటి ఉపగ్రహం లేదు. అన్నిటికన్నా పెద్దదైన టైటానియా వ్యాసం 1,580 కిలోమీటర్లు మాత్రమే. నెప్ట్యూన్‌కు 2,700 కిలోమీటర్ల ట్రైటన్ ఉంది కాబట్టి ఆ ఒక్క విషయంలో అది కొంచెం నయం.

శీతలగ్రహం:

కక్ష్య గారు వేగం గురించి చెప్పినది చదివాక విద్యుత్తు గురించి నేను కొంత చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే నా దృష్టిలో నేటి అడ్డంకి ఇంధనం కన్నా ఇదే.

జూనో సౌర ఫలకాలతో గురుడి దాకా వెళ్ళింది. తొమ్మిదేసి మీటర్ల పొడవున్న మూడు రెక్కల మీద పరిచిన ఆ ఫలకాలు భూమి దగ్గర 14 కిలోవాట్లు ఇవ్వగలవు, గురుడి దగ్గర వాటి నుంచి వచ్చేది దాదాపు 500 వాట్లు. అదే జూనోను యురేనస్ దగ్గర ఊహించండి. యురేనస్ భూమికన్నా సూర్యుడికి 19 రెట్లు దూరంలో ఉంది కాబట్టి వెలుగు సుమారు 370వ వంతుకు తగ్గుతుంది, చేతికి వచ్చేది 40 వాట్ల లోపే. నెప్ట్యూన్ దగ్గర 15 వాట్లు. అంతటి చలిలో నౌకను వెచ్చగా ఉంచడానికే అది చాలదు, ఇక దాదాపు 300 కోట్ల కిలోమీటర్ల నుంచి మాట్లాడవలసిన రేడియోకు ఏం మిగులుతుంది?

కాబట్టి ప్లుటోనియం-238 తప్పదు. అది క్షీణించేటప్పుడు పుట్టే వేడిని విద్యుత్తుగా మార్చే పరికరాలు వాయేజర్లలో, కసీనిలో, న్యూ హొరైజన్స్‌లో ఉన్నాయి. దాని అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం, 87.7 ఏళ్ళు. 1977లో ఒక్కో వాయేజర్‌కు 470 వాట్లు ఇచ్చిన ఈ పరికరాలు ఏడాదికి 4 వాట్ల చొప్పున నీరసిస్తూ వచ్చాయి. అందుకే ఒక్కొక్క పరికరాన్నీ, ఒక్కొక్క హీటర్‌నూ ఆపుకుంటూ వాటిని నడుపుతున్నారు. ఒక్క కసీనికే సుమారు 33 కిలోల ప్లుటోనియం డయాక్సైడ్ పట్టింది. అమెరికాలో ఈ ఐసోటోపు తయారీ 1988లో ఆగిపోయింది, ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో కొత్తగా తయారైన మొదటి నమూనా 2015లో గానీ బయటికి రాలేదు. ఏడాదికి 1.5 కిలోల స్థాయికి చేరాలన్నది వారి లక్ష్యం. ఆ వేగంతో పోగయ్యే నిల్వను ఎన్ని యాత్రలు పంచుకోవాలో ఆలోచించండి. శని ఉపగ్రహం టైటన్ మీద ఎగరబోయే డ్రాగన్‌ఫ్లైకి కూడా ఇదే కావాలి.

నింగిచూపు:

కక్ష్య గారికి, శీతలగ్రహం గారికి కృతజ్ఞతలు. 1, 5.6 లెక్క తరగతిలో వేస్తే విద్యార్థులకు వెంటనే అర్థమవుతుందని నమ్మకం కలిగింది. మరో రెండు సందేహాలు మిగిలాయి. నౌకను ఆ గ్రహ వాతావరణంలోకే కొంచెం దింపి, గాలి రాపిడితో వేగం తగ్గించలేమా? అలాగే, వాయేజర్ 2 ఒకసారి చూసి వచ్చింది, ఇప్పుడు హబుల్, జేమ్స్ వెబ్ టెలిస్కోపులు ఉన్నాయి. ఇంత శ్రమ పడి అక్కడ నిలవవలసిన అవసరం ఏముందని ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి?

కక్ష్య:

మొదటి సందేహానికి జవాబు. కక్ష్యలో చేరిన నౌక వాతావరణపు పై అంచులను మళ్ళీ మళ్ళీ తాకుతూ కక్ష్యను కుదించుకోవడం శుక్రుడి దగ్గర, అంగారకుడి దగ్గర చేసి చూపించారు. కాని సూర్యుడి కక్ష్యలో వస్తున్న నౌకను ఒకే దెబ్బకు వాతావరణంతో ఆపి, గ్రహానికి కట్టుబడేలా చేయడం ఇంతవరకు ఏ గ్రహం దగ్గరా జరగలేదు. దానికి ఉష్ణకవచం కావాలి, గాలి సాంద్రత ఏ ఎత్తులో ఎంత ఉంటుందో ముందే బాగా తెలిసి ఉండాలి. సాంద్రత అనుకున్నదాని కన్నా తక్కువైతే నౌక దాటిపోతుంది, ఎక్కువైతే కాలిపోతుంది. ఇది సాధిస్తే నెప్ట్యూన్ ప్రయాణ కాలం ఎన్నో ఏళ్ళు తగ్గుతుంది కాబట్టి దీని మీద పరిశోధన సాగాలని నేను గట్టిగా కోరుకుంటాను. అయితే ఒకే ఒక్క నౌకతో, ఒకే ఒక్క అవకాశంతో దీనిని మొదటిసారి ప్రయత్నించడానికి ఏ సంస్థా ముందుకు రాదు, రాకపోవడాన్ని తప్పుపట్టలేము కూడా.

వేగుచుక్క:

రెండవ సందేహం నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందు వాయేజర్ 2కి యురేనస్ దగ్గర దొరికిన సమయం ఎంతో చూడండి. యురేనస్ అక్షం 98 డిగ్రీలు ఒరిగి ఉంటుంది, దాని ఉపగ్రహాలు కూడా ఆ ఒరిగిన తలంలోనే తిరుగుతాయి. 1986లో దక్షిణ ధ్రువం దాదాపు సూర్యుడివైపే తిరిగి ఉంది. అటునుంచే వచ్చిన నౌకకు ఆ గ్రహం, వలయాలు, ఉపగ్రహాల కక్ష్యలు అన్నీ కలిసి విలుకాడి గురిబోర్డులా ఎదురుగా నిలబడ్డాయి. బాణంలా దాని గుండా దూసుకుపోయిన నౌకకు ముఖ్యమైన పరిశీలనలన్నీ కొద్ది గంటల్లోనే ముగిసిపోయాయి. యురేనస్ ఉపగ్రహం మిరాండాకు 29,000 కిలోమీటర్ల దూరం వరకు వెళ్ళి దాని మీది నిట్టనిలువు కొండ అంచును, దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తుంటుందని అంచనా వేసిన వెరోనా కొండ చరియను చూపించింది. మరో రెండు ఉపగ్రహాలు టైటానియా, ఓబెరాన్‌లను అంత దగ్గరగా చూడనే లేదు. అన్ని ఉపగ్రహాలకూ వెలుగు పడుతున్న దక్షిణార్ధమే కనిపించింది, ఉత్తరార్ధం చీకట్లోనే ఉండిపోయింది.

ఆ ఫోటోలు తీయడం కూడా సామాన్యమైన పని కాదు. వెలుగు తక్కువ కావడంతో కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, నౌక మాత్రం వేగంగా కదిలిపోతోంది, అలాగే వదిలేస్తే బొమ్మ అలికినట్లు అయిపోతుంది. అందుకని షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ చిన్న థ్రస్టర్లతో నౌక మొత్తాన్నే అతి నెమ్మదిగా తిప్పి, ఉపగ్రహం కెమెరా చట్రంలో కదలకుండా నిలిచేలా భూమి నుంచి ఆదేశాలు పంపారు. ఆ బొమ్మలను పంపించడం మరో పరీక్ష. ఒక్కో బొమ్మలో అడ్డంగా 800, నిలువుగా 800 చుక్కలు, ఒక్కో చుక్కకు 8 బిట్లు. యురేనస్ నుంచి సెకనుకు 21.6 కిలోబిట్ల వేగంతో పంపితే కుదించని ఒక్క బొమ్మకే నాలుగు నిమిషాలు పడుతుంది. 1970ల నాటి కంప్యూటర్‌కు దారిలో ఉండగానే బొమ్మలు కుదించే కొత్త ప్రోగ్రాం ఎక్కించారు, ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపును కాన్‌బెర్రా యాంటెన్నాకు జతచేశారు. ఎనిమిదేళ్ళకు పైగా ముందే భూమిని వదిలిన యంత్రాన్ని దారిలోనే మెరుగుపరచిన ఆ ఇంజనీర్ల పనితనం మీ విద్యార్థులకు తప్పక చెప్పండి.

ఇక ఒక్కసారి చూడటం ఎందుకు చాలదంటారా? దానికి 2024 నవంబరులో బలమైన ఉదాహరణ దొరికింది. యురేనస్ అయస్కాంతావరణం (గ్రహపు అయస్కాంత ప్రభావం పరచుకున్న ప్రాంతం) చాలా విచిత్రంగా ఉందని, అందులో ఉండవలసిన ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న కణాల వాయువు, దాదాపు లేనే లేదని 1986 నుంచి పాఠాల్లో చెబుతూ వచ్చారు. ఉపగ్రహాల నుంచి ఏ పదార్థమూ వెలువడడం లేదని, అవి జడంగా ఉన్నాయని దాని నుంచి ఊహించారు. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు పాత డేటాను మళ్ళీ తిరగేసి చూస్తే, వాయేజర్ చేరడానికి కొద్ది రోజుల ముందే సౌర పవనం (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం) ఉద్ధృతమై ఆ అయస్కాంతావరణాన్ని గట్టిగా నొక్కేసిందని తేలింది. అటువంటి స్థితి నూటికి నాలుగు వంతుల కాలం మాత్రమే ఉంటుందని వారి అంచనా. నౌక ఒక్క వారం ముందు వెళ్ళి ఉంటే మన పాఠ్యపుస్తకాలు వేరే విధంగా ఉండేవి. లోపలి వేడి విషయంలోనూ అంతే. యురేనస్ తాను అందుకునే వేడి కన్నా ఎక్కువేమీ వెదజల్లడం లేదన్నది వాయేజర్ లెక్క. దశాబ్దాల పరిశీలనలను కలిపి 2025లో ప్రచురించిన పరిశోధనలో అది సుమారు 12.5 శాతం ఎక్కువే వెదజల్లుతోందని వచ్చింది. ఒక గ్రహం ఎలా ఏర్పడిందో చెప్పే సిద్ధాంతాలకు ఇది మూలాధారమైన సంఖ్య.

టెలిస్కోపుల విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. యురేనస్ వలయాలను కనుగొన్నది కూడా భూమి నుంచే. 1977 మార్చి 10న ఆ గ్రహం ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు, విమానంలో అమర్చిన అమెరికా టెలిస్కోపుతో పాటు మన పొరుగున తమిళనాడులోని కావలూరు వేధశాలలో జె.సి. భట్టాచార్య బృందం కూడా ఆ నక్షత్ర కాంతిలో వచ్చిన తరుగును నమోదు చేసింది. అయినా వాతావరణంలో హీలియం ఎంత, నియాన్, ఆర్గాన్ వంటి జడవాయువులు ఎంత అన్నది తెలియాలంటే ఒక శోధక పరికరం ఆ గాలిలోకి దిగాల్సిందే. గెలీలియో నుంచి విడివడిన శోధకం 1995 డిసెంబరు 7న గురుడిలోకి దిగి, దాదాపు గంటసేపు అటువంటి కొలతలే పంపింది. యురేనస్, నెప్ట్యూన్‌లలో ఆ పని ఇంకా జరగలేదు. ఇతర నక్షత్రాల చుట్టూ కనిపిస్తున్న గ్రహాల్లో ఈ పరిమాణానివి ఎన్నో ఉన్నాయి. మన దగ్గరున్న రెండింటినే సరిగా కొలవకుండా వాటి గురించి ఏ నమ్మకంతో మాట్లాడగలం?

అమెరికా జాతీయ అకాడమీలు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక రాబోయే పెద్ద యాత్రల్లో మొదటి స్థానాన్ని యురేనస్ కక్ష్యా నౌకకు, దానితో పాటు దిగే శోధకానికి ఇచ్చింది. 2031 లేదా 2032లో బయలుదేరితే గురుడి సాయం దొరుకుతుంది. గురుడు, యురేనస్ మళ్ళీ అటువంటి అమరికకు రావడానికి దాదాపు 14 ఏళ్ళు పడుతుంది. ఆ తేదీ దాటినా శుక్రుడు, భూమి సాయంతో వెళ్ళే దారులు ఉన్నాయి, ప్రయాణం మాత్రం పొడవవుతుంది. నన్ను కలవరపెట్టేది మరో గడువు. యురేనస్ సూర్యుడి చుట్టూ తిరగడానికి 84 ఏళ్ళు తీసుకుంటుంది. వాయేజర్‌కు కనిపించని ఉత్తరార్ధాల మీద ఇప్పుడు ఎండ పడుతోంది, 2049 ప్రాంతంలో విషువత్తు (సూర్యుడు గ్రహ మధ్యరేఖకు సూటిగా వచ్చే సమయం) వచ్చాక అవి క్రమంగా మళ్ళీ చీకట్లోకి వెళ్తాయి. 2040ల మధ్యలో నౌక అక్కడ ఉంటేనే ఆ సగాలను నాలుగైదేళ్ళు తీరికగా చూడగలుగుతుంది.

శీతలగ్రహం:

వేగుచుక్క గారు చెప్పిన గడువు నెప్ట్యూన్‌కు కూడా వర్తిస్తుంది. 1989లో ట్రైటన్ మీద, మైనస్ 235 డిగ్రీల చలిలో, నల్లటి పొగలు కిలోమీటర్ల ఎత్తుకు ఎగజిమ్మడాన్ని వాయేజర్ 2 చూసింది. అవి కనిపించినది ఎండ పడుతున్న దక్షిణార్ధంలో. సూర్యుడి వేడే గడ్డకట్టిన నైట్రోజన్‌ను కదిలిస్తోందా, లేక లోపలి వేడి వల్లనా అన్నది తేల్చాలంటే ఆ భాగం వెలుగులో ఉండగానే మళ్ళీ చూడాలి. అక్కడ కూడా విషువత్తు 2040లలోనే వస్తుంది. ట్రైటన్ పక్కనుంచి వెళ్ళే ట్రైడెంట్ అనే చిన్న యాత్రను నాసా 2020లో తుది జాబితాలోకి తీసుకుంది, కాని 2021లో ఎంపికైనవి రెండూ శుక్రుడి యాత్రలు. అప్పుడు నాకు చాలా బాధ కలిగింది. యురేనస్ ముందా, నెప్ట్యూన్ ముందా అని అడిగితే నా మనసు ట్రైటన్ వైపే మొగ్గుతుంది. కాని ప్లుటోనియం నిల్వ, ప్రయాణ కాలం రెండూ చూసుకుంటే యురేనస్‌నే ముందు పెట్టడం సరైన నిర్ణయమని ఒప్పుకుంటాను.

నింగిచూపు:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వచ్చే తరగతిలో కక్ష్య గారి రెండు లెక్కలతో మొదలుపెట్టి, జూనో ఫలకాల లెక్కను విద్యార్థుల చేతనే వేయిస్తాను. ప్రశ్న అడిగిన అమ్మాయికి 2049 గడువు గురించి కూడా చెబుతాను. ఇప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఆ నౌక సకాలంలో బయలుదేరితే అది పంపే డేటాను చదివే వయసులోనే ఆమె ఉంటుంది.